మర్రి అంటే కొడుకు



మా శ్రీనగర్ కాలనీ నుండి ఫిలింనగర్ వరకు కొమురం భీం పేరు తెలియనివారు ఉండరు. 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' వచ్చాక చిన్నపిల్లలు కూడా ఆ పేరు పలుకుతున్నారు. సంతోషమే. అయితే భీం నేలకొరిగిన తరువాత ఆయన జనం పిల్లల చదువు సంగతి ఏమైందో ఆ సినిమా చెప్పదు. ఈ వారం అది రాయాలనిపించింది.

1940లో జోడేఘాట్‌లో భీం మరణించాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాదు అడవులకు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి అనే గోండు గ్రామంలో నివాసమున్నారు. గోండుల భూములు చేతులు మారుతున్నాయి. పట్టా ఎవరి పేరున ఉందో చదవగలిగినవాడు ఊళ్లో లేడు. అందుకే 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. ముందు బడి కట్టలేదు, ముందు పంతుళ్లను తయారుచేశారు. అక్షరం ముక్క వచ్చిన కొద్దిమంది గోండు యువకులను వెతికి మార్లవాయిలో శిక్షణ ఇచ్చారు. గోండు భాషలోనే వాచకాలు రాయించారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడకం ఎక్కువ గనుక లిపి దేవనాగరి. హైదరాబాదు సంస్థానం పోయి పరిపాలన మారాక గోండు భాషలో బోధన క్రమంగా వెనకబడింది.

ఇంటి భాషలో బోధన ఎందుకంత ముఖ్యం? గోండు భాషలో 'మర్రి' అంటే కొడుకు. 'ఏర్' అంటే నీళ్లు. ఒకటో తరగతి గోండు పిల్లవాడి ముందు పంతులుగారు మర్రిచెట్టు బొమ్మ పెట్టి 'మర్రి' అనమంటే వాడు తెల్లబోతాడు. 'ఏరు పారుతోంది' అంటే సగం అర్థమవుతుంది, సగం కాదు. గోండు, కోయ భాషలు మన తెలుగుకు చుట్టాలు గనుక ఆ సగమైనా దక్కుతుంది. శ్రీకాకుళం కొండల్లోని సవర పిల్లవాడికి అదీ లేదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, దానికి తెలుగుతో చుట్టరికమే లేదు. అర్థం కాక మౌనంగా కూర్చున్న పిల్లవాడిని మనవాళ్లు 'మొద్దు' అంటారు. రెండేళ్లు ఆ మాట పడ్డాక వాడు బడి వదిలి మేకల వెంట పోతాడు.

ఈ సంగతి మన తెలుగువాళ్లలో మొదట పట్టించుకున్నది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29న ఆయన ఫోటోకు దండ వేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలు ఇస్తాం. అంతకుముందే ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారని మాత్రం ఆ రోజు ఎవరూ గుర్తుచేయరు. మద్రాసు ప్రభుత్వం ఇవ్వబోయిన పారితోషికాన్ని కూడా సవరల బడికే పెట్టమన్నారట.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్లీ ఈ దారి పట్టింది. గోండు, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మొదట ఇంటి భాష, తరువాత మెల్లగా తెలుగు, ఇంగ్లీషు. పుస్తకాలైతే వచ్చాయి గాని వాటిని చెప్పే పంతులు దొరకాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలు పూర్తిగా స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నది. న్యాయశాస్త్రం మా పని కాదు. కానీ ఆ జీవో ఉన్నప్పుడు కూడా అది కులధ్రువీకరణ పత్రం అడిగిందే గాని భాష అడగలేదు. గోండు గూడెంలో బంజారా టీచరు ఉంటే ఆయనా గిరిజనుడే, అయినా పిల్లల మాట ఆయనకు రాదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణ, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమంటోంది. ఉద్యోగ ప్రకటనలో 'గోండు వచ్చి ఉండాలి' అని ఒక్క మాట కలపడానికి ఏ తీర్పు అడ్డం?

'మీ పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు గోండా?' అని ఆదివాసీ తల్లి అడిగితే తప్పు పట్టలేం. మా కాలనీలో తెలుగు మీడియం బడి వెతికే తల్లిదండ్రులను మేమూ చూడలేదు. కానీ మా కాలనీ పిల్లవాడు బడికి పోకముందే టీవీలో, లిఫ్టులో, నాన్న ఫోనులో ఇంగ్లీషు వింటాడు. గూడెం పిల్లవాడికి తెలుగే పరాయిది. వాడికి మొదటి మూడేళ్లు కాలు మోపడానికి ఒక మెట్టు కావాలి. ఇంగ్లీషు వద్దని ఎవరూ అనడం లేదు.

ఇక మన ఇంటి సంగతి. కెనడాలో సంఘాలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలను తల్లుల నుండి వేరుచేశారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. 2022లో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లి క్షమాపణ అడిగారు. మన దగ్గర అంత ఘోరం జరిగిందని మేము అనడం లేదు. దుమ్ముగూడెంలో మిషనరీ జాన్ కెయిన్ కోయ నేర్చుకుని కోయల మధ్య పనిచేశారు. పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వారు విన్నారని మనమే ప్రసంగిస్తాం. మరి మన సంఘాలు సాయం చేసే ఏజెన్సీ హాస్టళ్లలో పిల్లలు భోజనం దగ్గర కోయలో మాట్లాడుకుంటే వార్డెన్ ఏమంటున్నాడు?

క్రిస్మస్‌కు దుప్పట్లు, నోటుపుస్తకాలు పంపే సంఘాలకు మా మనవి ఒకటి. ఈసారి వెళ్లినప్పుడు ఆ హాస్టల్లో పిల్లల భాష వచ్చిన పెద్దవాళ్లు ఎందరున్నారో అడగండి. ఒక్కరూ లేకపోతే, దుప్పట్ల ఖర్చులో కొంత తగ్గించి, ఆ గూడెంలోనే ఇంటరు చదివిన ఒక అమ్మాయికి నెల జీతం ఇవ్వండి.