తుప్పలు కమ్మిన మేతబీళ్లు, ఒక చిన్న డిస్క్ హారో

రామగుండం ఎన్టీపీసీ ఉద్యోగుల నివాసంగా పెరిగిన జ్యోతినగర్ చుట్టుపక్కల మట్టి తవ్వకమంటే ముందుగా గుర్తుకొచ్చేవి సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల షవళ్లు, డంపర్లు, బొగ్గు పొర మీది మట్టినీ రాతినీ పెకలించి పోసిన ఓబీ గుట్టలు. అక్కడి నుంచి గోదావరి దాటి, మంచిర్యాల మీదుగా జన్నారం వైపు సాగితే 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి వస్తుంది. ఆ అడవికి కావలసిన మట్టిపని మాత్రం వేరు, ఎందుకంటే అక్కడ కదిలించవలసింది పైనున్న నాలుగంగుళాల నేలనే. మహారాష్ట్రలోని తడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులి ఇక్కడ నిలవాలంటే చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు తగినన్ని ఉండాలి, అవి ఉండాలంటే టేకు చెట్ల నడుమ ఎండ పడే గడ్డిబీళ్లు ఉండాలి. ఆ బీళ్లను లంటానా కంప, వయ్యారిభామ, తగిరిస కమ్మేస్తే, పచ్చగా కనిపించే అడవిలోనే దుప్పికి మేత కరువవుతుంది.

మేతబీడు విలువ ఎంతటిదో మధ్యప్రదేశ్‌లోని కాన్హా చెబుతుంది. దాదాపుగా గడ్డి మీదే బతికే బారసింగా జింకలు అక్కడ 1970 నాటికి 66కు పడిపోగా, అంతకు ముందటి ఏడాది సోంఫ్ అనే గ్రామాన్ని అడవి వెలుపలికి తరలించడంతో ఆ ఊరి పొలాలు గడ్డిబీళ్లుగా మారి, జింకల సంతతి కోలుకోవడానికి ఆసరా అయ్యాయి. కవ్వాల్ నుంచి కూడా మైసంపేట, రాంపూర్ గ్రామాలను ఇటీవలి కాలంలో తరలించారు. ఇలా మనుషులు వదిలిన పొలం తనంతట తాను గడ్డిబీడవుతుందన్న నమ్మకం లేదు, దున్నకం ఆగిన నేలను గడ్డికంటే ముందు కలుపు ఆక్రమించడమే ఎక్కువగా జరుగుతుంది. అటువంటి నేలను మళ్లీ గడ్డికి తేవడంలో అక్కరకొచ్చే యంత్రాల్లో, పరిమాణంలో చిన్నదైనా పనిలో గట్టిది, డిస్క్ హారో.

ఈ పనిముట్టు 19వ శతాబ్దంలో అమెరికా పొలాల్లో రూపుదిద్దుకుంది. అంతకు ముందున్న పళ్ల గొర్రు మెత్తని దుక్కిలో బాగానే నడిచేది గాని, కోత తర్వాత మిగిలిన మోళ్లూ కాడలూ ఉన్న చోట వాటిని పళ్ల మధ్య పోగేసుకుని మూసుకుపోయేది. పళ్లకు బదులు పళ్లెంలా లోపలికి వంగిన ఉక్కు చక్రాలను ఒకే ఇరుసు మీద వరుసగా బిగిస్తే, అవి చెత్త మీదుగా దొర్లుతూ దాన్ని కోసుకుంటూ పోతాయి. ఒక ఇరుసు మీది చక్రాల వరుసను గ్యాంగ్ అంటారు. గ్యాంగ్‌ను బండి నడిచే దిశకు సరిగ్గా అడ్డంగా పెడితే చక్రాలు ఊరికే దొర్లి నేల మీద గాట్లు మాత్రమే పెడతాయి. అదే గ్యాంగ్‌ను కొంత ఏటవాలుగా తిప్పితే ప్రతి చక్రం తన పుటాకార ముఖంతో మట్టిని గీకి, ఎత్తి, పక్కకు తిరగేస్తుంది. కోణం పెరిగేకొద్దీ కోత లోతవుతుంది, లాగడానికి కావలసిన బలమూ పెరుగుతుంది. ముందు గ్యాంగులు మట్టిని బయటికీ, వెనుక గ్యాంగులు లోపలికీ విసిరేలా అమర్చడం వల్ల పనిముట్టు ఒక పక్కకు ఈడ్వబడకుండా తిన్నగా సాగుతుంది. ముందు వరుసకు అంచుల్లో గంట్లు పెట్టిన చక్రాలు వేస్తే తుప్పల కాడలు జారిపోకుండా గంటులో చిక్కి తెగుతాయి.

అయితే నాగలికీ డిస్క్ హారోకూ ఒక మౌలికమైన తేడా ఉంది. నాగలి కర్రు వాలు కారణంగా లాగేకొద్దీ నేలలోకి తానే దిగుతుంది. హారో చక్రాన్ని మాత్రం గట్టి నేల పైకి నెడుతుంది కాబట్టి, దాన్ని లోపలికి దింపేది ప్రధానంగా దాని బరువే. హారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందిన హైడ్రాలిక్ అమరికతో ట్రాక్టరు తన వెనుక పనిముట్టును ఎత్తగల, దించగల శక్తినీ, దాని భారాన్ని తన వెనుక చక్రాల మీదికి మళ్లించుకుని పట్టు పెంచుకునే నేర్పునూ సంపాదించింది. ఆ తర్వాత చాలాకాలానికి, 1970లో, హోండా సంస్థ యూఎస్90 అనే మూడు చక్రాల బండిని, 1980ల తొలినాళ్లలో సుజుకీ నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌నూ విడుదల చేశాయి. రోడ్డు లేని చోట నడిచే ఈ జాతి బండ్లకే ఏటీవీలని పేరు. మూడు చక్రాల బండ్లు తేలిగ్గా బోల్తా పడుతుండడంతో 1988లో అమెరికాలో వాటి అమ్మకం ఆగింది, నాలుగు చక్రాలవే నిలిచాయి.

కారు చక్రంలో గాలి 30 పీఎస్ఐ దాకా ఉంటే, వెడల్పైన ఏటీవీ చక్రంలో సాధారణంగా 4 నుంచి 8 మాత్రమే ఉంటుంది. చక్రం నేల మీద మోపే ఒత్తిడి దాదాపుగా దానిలోని గాలి ఒత్తిడిని బట్టే ఉంటుంది గనుక, ఏటీవీ తడి నేలను పెద్ద ట్రాక్టరంతగా అణగదొక్కదు. అమెరికాలో జింకల కోసం అడవి అంచుల్లో క్లోవర్ వంటి మేతను పెంచే చిన్న మడులకు ఈ బండి అందుకే నచ్చింది. కాని దానికి ఎత్తి దించే హైడ్రాలిక్ చేతులు సాధారణంగా ఉండవు, సుమారు 300 కిలోల బండి గట్టి నేల మీద కూడా తన బరువులో సగానికి మించి లాగడం కష్టం. హారోను తేలిక చేస్తే చక్రాలు దిగవు, బరువెక్కిస్తే బండి లాగలేదు. వెడల్పును నాలుగైదు అడుగులకు కుదించి, చట్రం మీద కాంక్రీటు దిమ్మలు పెట్టి, రవాణాకు చేతిలీవరుతో దిగే చిన్న చక్రాలు తగిలించడం ఈ చిక్కుకు కనిపెట్టిన పరిష్కారం. ఇంజను బలాన్ని చక్రాలకు చేరవేసే రబ్బరు బెల్టు నెమ్మది నడకలో వేడెక్కి జారకుండా లో గేరులోనే నడపాలి, ఒకేసారి లోతుకు పోకుండా కోణం తగ్గించి రెండు మూడు సాళ్లు తిప్పాలి. తెలంగాణలో పవర్ టిల్లరు, చిన్న ట్రాక్టరు ఇదే తరహా పనికి సరిపోతాయి, ఆ రెండూ పల్లెల్లో ఇప్పటికే ఉన్నాయి.

యంత్రానికి సాధ్యం కానిది లంటానా. కంపను పైన కొడితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, హారో చక్రం దాని గట్టి మొదలు మీద ఎక్కి దిగిపోతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతిలో తల్లివేరును నేలమట్టానికి కొద్దిగా దిగువన కోసి, పొదను తలకిందులుగా ఎండబెడతారు. చిగుర్లు వచ్చేది కాండమూ వేరూ కలిసే చోటనే కాబట్టి, ఆ ముడిని తొలగిస్తే కింది వేరు మళ్లీ మొలవదు. ఇది చేతిపనే, ఇందులో అడవి అంచు గ్రామాల వారికి కూలి దొరుకుతుంది, కనుక దీన్ని యంత్రానికి అప్పగించాలని తొందరపడడం సరికాదు. కంప పోయిన తర్వాతే హారో దిగాలి.

అప్పుడు కూడా మొదటి సాలు వెనుకే గడ్డి విత్తనం చల్లితే శ్రమంతా వృథా. ఒక్కో వయ్యారిభామ మొక్క వేల గింజలు రాలుస్తుంది, మట్టి కదలగానే వెలుగూ తడీ తగిలి అవి ఒక్కపెట్టున మొలుస్తాయి. తొలకరికి ఒకసారి హారో తోలి, ఆ మొలకలు రెండు మూడు వారాలు ఎదిగాక, కోణం తగ్గించి పైపైన మరోసారి తోలితే, లోపలి గింజలను కొత్తగా పైకి తేకుండానే మొలిచినవి చస్తాయి. పంట మధ్య గుంటుక తోలే రైతుకు ఈ కిటుకు కొత్త కాదు. ఆ పైన గరిక, చెంగలి, అంజన్ వంటి గడ్డి గింజలను సన్నగా చల్లి, బరువైన రోలరుతో నేలకు అద్దాలి. నూగుతో తేలికగా ఉండే గడ్డి గింజ అంగుళం లోతున పడితే పైకి రాలేదు కాబట్టి, విత్తాక మళ్లీ హారో తోలకూడదు.

ఓబీ గుట్టల మీద ఇదే యంత్రం పనికిరాదు. డంపర్లు తొక్కి బిగించిన రాతిమట్టిలోకి హారో చక్రం దిగదు, దానికి ముందు బలమైన రిప్పరు పంటితో నేల చీల్చాలి. ఏటవాలు మీద ఏటీవీ బోల్తా పడే ప్రమాదమూ ఎక్కువ. అభయారణ్యంలోనైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 29వ సెక్షన్ ప్రకారం, వన్యప్రాణుల ఆవాసం మెరుగుపడుతుందని ప్రభుత్వం నిర్ధారించుకుని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతించిన పని తప్ప నేలను మార్చే పని ఏదీ చేయరాదు. అనుమతితో గడ్డి వేసిన బీడును తొలి ఏడాది పశువులు తొక్కకుండా కాయాలి, వయ్యారిభామను పూతకు ముందే పీకాలి, లంటానా పిలకలను రెండో వానకాలంలోనూ, మూడో వానకాలంలోనూ వెతికి వేరుతో సహా తీయాలి.