ఇంప్లాంట్ చెవికి లయ తొలి మెట్టు

పుట్టుకతోనే తీవ్రమైన వినికిడి లోపం ఉన్న పిల్లలకు శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణ నాడికి నేరుగా అందిస్తుంది. సహజమైన చెవిలో దాదాపు 3,500 లోపలి రోమకణాలు చేసే పనిని ఇక్కడ 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు నెట్టుకురావలసి ఉంటుంది కనుక, దరువు వేగమూ శబ్దం నిడివీ బిడ్డకు చక్కగానే తెలుస్తాయి గానీ, స్వరానికీ పక్క స్వరానికీ మధ్య ఉండే స్థాయిభేదం మసకబారుతుంది. స్వరాన్ని ఊపుతూ పలికే గమకం మరీ కష్టం.

ఇలాంటి పిల్లలకు వినడం అలవరచడంలో సంగీత చికిత్స తోడ్పడగలదు. పుదుచ్చేరిలో, కడలూరు రోడ్డు మీద ఉన్న పిళ్ళయార్‌కుప్పంలోని మహాత్మా గాంధీ వైద్య కళాశాలలో సుమతీ సుందర్ నాయకత్వాన సంగీత చికిత్స విద్యా పరిశోధన కేంద్రం ఏర్పడడంతో, ఈ విద్యకు వైద్యశాస్త్రం పక్కన చోటు దొరికింది. శిక్షణ పొందినవారు ఒక నిర్దిష్టమైన ఆరోగ్య లక్ష్యంతో సంగీతాన్ని ఉపయోగించడమే సంగీత చికిత్స. ఇంప్లాంట్ ఉన్న బిడ్డ విషయంలో ఆ లక్ష్యం గాయకుణ్ణి తయారు చేయడం కాదు, వినడమూ మాట్లాడడమూ అలవరచడం.

అందుకే పని లయతో మొదలుకావడం సమంజసం. బిడ్డకు కనబడకుండా కంజీర మోగించి, వినబడిన ప్రతిసారీ ఒక చెక్కముక్కను బుట్టలో వేయించడం తొలి అభ్యాసం కాగా, తరువాత ఆది తాళం వంతు వస్తుంది: ఒక చరుపు, మూడు వేళ్ల లెక్క, ఆపై చరుపూ విసురూ రెండేసి సార్లు, మొత్తం 8 అక్షరాలు. తాళం పడే చోటును ముందే ఊహించి చేయి ఎత్తే బిడ్డలో, వినడంతో పాటు వినబోయేదాని కోసం ఎదురుచూడడం కూడా అలవడుతుంది. తెలుగు పిల్లలకు ఇందులో ప్రత్యేకమైన లాభం ఉంది. ‘పడు’కూ ‘పాడు’కూ, ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా ప్రధానంగా నిడివిలోనే ఉంటుంది, ఇంప్లాంట్ బాగా అందించగలిగేదీ ఆ నిడివినే.

ఫిన్లాండ్ పరిశోధనల్లో, ఇంట్లో పాటలు పాడే ఇంప్లాంట్ పిల్లలు రణగొణధ్వనిలో మాటను మెరుగ్గా గుర్తించినట్టు కనబడింది. పాటే దానికి కారణమని ఇంతటితో తేల్చలేకపోయినా, ఆ దారి విలువైనదే.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఖర్చును భరించడంతో ఎన్నో పేద ఇళ్లకు ఇంప్లాంట్ చేరింది. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలకు పరికరాన్ని ఆన్ చేసి, బిడ్డకు తగినట్టు ధ్వని స్థాయిని సరిచేసే మ్యాపింగ్ జరిపినా, చెవిన పడిన శబ్దానికి అర్థం కట్టుకోవలసింది మెదడే కాబట్టి, ఏళ్ల తరబడి సాగే వినికిడి శిక్షణ భారం ఎక్కువగా తల్లుల మీదే పడుతోంది. దానికీ శస్త్రచికిత్సతో సమానమైన ఆదరణ దక్కాలి. ఇక ఇంట్లో సాధన విషయానికొస్తే, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా మోగే సినిమా పాట ఈ పిల్లలకు గందరగోళంగా వినిపించవచ్చు గనుక, టీవీ కట్టేసి, తల్లి ఒంటి గొంతుతో చప్పట్లు చరుస్తూ పాడే పాటతో మొదలుపెట్టడం మేలు. బిడ్డ దాన్ని ఒకే స్థాయిలో పలికినా దిద్దనవసరం లేదు.