రైతు మాటే ప్రమాణం

తెలుగు భాషా దినోత్సవానికి ముందొచ్చే ఆదివారానికి యాసల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు మా సంపాదకులు. సినిమాల్లో యాస, టీవీల్లో యాస అంటూ ఓ జాబితా కూడా చేతికిచ్చారు. గడువు శుక్రవారం సాయంత్రం. ఆ జాబితాలోని సినిమాలు చివర బాక్సులోకి వెళ్లిపోయాయి. లైబ్రరీలో చేతికి దొరికిన ఓ పాత పుస్తకం వచ్చి వాటి చోట కూర్చుంది.

అది ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం. వ్యవసాయ పదాలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో అచ్చువేసింది. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. అప్పటికి ఆయనకు నిండా ముప్పై అయిదేళ్లు లేవు. అంతకుముందు నిఘంటువులు ఎక్కువగా కావ్యాల్లోంచి మాట తీసి, ఫలానా మహాకవి వాడాడని సాక్ష్యం చూపించేవి. ఇక్కడ సాక్షి రైతు. ఊళ్లకు పోయి, సేద్యం చేసుకునేవాళ్లను ఈ పనిముట్టును ఏమంటారు, ఈ పనిని ఏమంటారు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చారు. ఏ మాట ఏ జిల్లాలో వినిపించిందో పక్కనే ఉంటుంది. ఇది ఒప్పు, అది తప్పు అనే తీర్పు లేదు. బడి ముఖం చూడని మనిషి మాటను ఒక రాష్ట్ర అకాడమీ ప్రమాణంగా తీసుకుంది. ఆ మర్యాద నాకు ఎంతో గొప్పగా తోచింది.

కొన్ని జిల్లాలకు నాగలి, రాయలసీమకు మడక. మేడి, కర్రు, నొగ, కాడి అంటూ దాని ఒంట్లో ప్రతి ముక్కకూ పేరుంది. చదువుకున్నవాళ్లం ‘పొలం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. తెలంగాణ రైతు వాన మీద బతికే మెట్టను చెలక అంటాడు. నీళ్లు పారే వరిమడి నెల్లూరు, చిత్తూరు వైపు కయ్య అవుతుంది. నేల తీరు, నీటి తీరు తెలిస్తే తప్ప పుట్టని మాటలివి. వీటిని మోటు మాటలనడం కన్నా అన్యాయం లేదు.

నాకు మడక మీద అభిమానం ఎక్కువ. మాది అనంతపురం వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ వార్తలో ‘మడక’ అని రాస్తే డెస్కులో ‘నాగలి’ అని దిద్దారు. పాఠకులకు తెలీదేమోనని దిద్దితే బాధ లేదు. ‘ఇదెక్కడి మాటయ్యా’ అని గదంతా నవ్వింది. నవ్వినవాళ్లలో మేడి పట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ మాట అనేవాళ్లు నేను తప్ప ఆ గదిలోకి ఉద్యోగానికి రాలేదు, అంతే. వాళ్లే అక్కడ కూర్చుని ఉంటే నాగలి అన్నందుకు నవ్వి ఉండేవాళ్లు.

పొలంలో ఉన్నంతసేపు రైతు మాటకు ఏ లోటూ లేదు. బ్యాంకు మెట్లెక్కినప్పుడు, కోర్టు బోనులో నిలబడ్డప్పుడు గొంతు తగ్గుతుంది. విశాఖలో వకీలుగా పనిచేసిన కథకుడు రావిశాస్త్రి ఇది దగ్గర్నుంచి చూశాడు. ‘ఆరు సారా కథలు’లో పేదవాళ్లు తమ భాషలో మాట్లాడతారు, చట్టం ఇంకో భాషలో మాట్లాడుతుంది, శిక్ష మొదటివాళ్లకే.

ఒక మాటకు పీఠం, ఇంకో మాటకు నవ్వు ఎలా వచ్చాయో, ఆ చరిత్ర ఒక్క గుక్కలో: 1852లో గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, 1855లో కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాయి. డెల్టాలో పంటలు, పంటలతో డబ్బు, డబ్బుతో కాలేజీలు, అచ్చు యంత్రాలు వచ్చాయి. ఆ అచ్చులో ఏ తెలుగు ఉండాలన్నది గొడవ. గ్రాంథికాన్ని సమర్థించిన వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో పెద్దపాత్రలకు గ్రాంథికం, చాకలి పేరిగాడికి వాడుక మాట ఇచ్చారు. ఆ నాటకానికి ప్రాణం పేరిగాడి మాటలేనని నా నమ్మకం. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చి దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడారు, ఆయన పక్షమే గెలిచింది. పీఠమెక్కింది మాత్రం శిష్టవ్యావహారికం, అంటే చాలావరకు డెల్టాలో చదువుకున్న కులాల ఇంటి మాట.

కృష్ణమూర్తి తన కోశంలోని పదాల వ్యాప్తి చూసి తెలుగు నేలను నాలుగు మాండలికాలుగా విడదీశారు: కళింగాంధ్రది తూర్పు, తెలంగాణది ఉత్తరం, రాయలసీమ, నెల్లూరులది దక్షిణం, కృష్ణా, గోదావరి, గుంటూరులది మధ్య మండలం. నాలుగింట్లో ఒకటైన మధ్య మండలమే పాఠ్యపుస్తకాల్లో మొత్తం తెలుగైంది. ‘వచ్చినాడు’ అంటే సీమ యాస అంటారు. ‘వచ్చాడు’ దాన్నుంచే అరిగి పుట్టింది. అరిగిన రూపానికి గద్దె, నిండు రూపానికి ఎగతాళి!

తర్వాత 1971లో కృష్ణమూర్తే చేనేత పదాల సంపుటం తెచ్చారు. ఈ సంపుటాలు ప్రతి ఉన్నత పాఠశాలలో ఉండాలి. ఆరో తరగతి పిల్లలు తమ ఇంట్లో వినే మాటను అందులో వెతకాలి, లేకపోతే మార్జిన్‌లో రాయాలి. పరీక్షలో ఆ మాట రాసినందుకు ఏ పిల్లకూ మార్కు పోకూడదు.

బాక్సు: పల్లీలా, బుడ్డలా?

తెలంగాణలో పల్లీలు, కర్నూలు, అనంతపురం వైపు బుడ్డలు, చిత్తూరులో చెనక్కాయలు, పుస్తకంలో వేరుశెనగలు. సంతలో నాలుగు పేర్లకూ అదే ధర.

బాక్సు: తెర మీద

హీరోకి మధ్య మండలం మాట, విలన్‌కీ హాస్యనటుడికీ తెలంగాణ మాట, కత్తి పట్టినవాడికి సీమ మాట. మన సినిమా చాలాకాలం ఇలాగే పంచింది. 1979లో ‘మా భూమి’ దారి మార్చింది, కానీ ఆ దారిన వెంటనే నడిచినవాళ్లు తక్కువ. 2021లో ‘పుష్ప’ కథానాయకుడు చిత్తూరు మాట మాట్లాడాడు. 2023లో ‘బలగం’ తెలంగాణ పల్లె ఇంటి మాటను ఉన్నదున్నట్టు వినిపించింది. వీటికి ముందు, 2017లో, ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతి వచ్చింది. ఆ పాత్రకు తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి తెలంగాణ యాస నేర్చుకుని సొంత గొంతుతోనే మాటలు చెప్పింది.