ల్యాప్‌టాప్ కొనే ముందు పిన్‌కోడ్ చెక్ చేశారా?

బీటెక్ ఫైనలియర్‌లో, ప్రాజెక్ట్ రివ్యూకి వారం ముందు నా ల్యాప్‌టాప్ ఆన్ అవ్వలేదు. వారంటీ ఉంది, కానీ క్యారీ-ఇన్. అంటే సర్వీస్ సెంటర్‌కి మనమే మోసుకెళ్లాలి. గిద్దలూరు నుంచి ఒంగోలుకి బస్సులో రెండుసార్లు తిరిగా. రివ్యూ మాత్రం ఫ్రెండ్ సిస్టమ్‌తో గట్టెక్కించా.

అందుకే ఇప్పుడు తమ్ముడికి కొనేటప్పుడు ప్రాసెసర్ కంటే ముందు, ఆన్‌సైట్ వారంటీ మా పిన్‌కోడ్‌కి వర్తిస్తుందా అని కస్టమర్ కేర్‌ని అడిగా. తర్వాతే ర్యామ్. చాలా సన్నటి మోడల్స్‌లో దాన్ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచుకోలేం. కోడింగ్‌కైతే మొదటే 16 జీబీ తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాతవి వద్దు. వాటిలో దాదాపు దేనికీ విండోస్ 11 అఫీషియల్‌గా రాదు, విండోస్ 10 సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇంత చెప్పినా మావాడికి మాత్రం రంగుల లైట్ల కీబోర్డే కావాలట.