బూడిద లెక్క తేల్చండి

భూపాలపల్లి పక్కన చెల్పూరులో 2010 నుంచి కాకతీయ థర్మల్ కేంద్రం నడుస్తోంది. బొగ్గులో సహజంగానే కొద్దిపాటి యురేనియం, థోరియం ఉంటాయి; కాలినాక అవి బూడిదలో చిక్కబడతాయి. జనగామ, మహబూబాబాద్ రైతుల బోర్లు దిగేది గ్రానైటు రాతిలోకి. అందులోనూ యురేనియం జాడ ఉంటుంది.

రేడియేషన్ మనిషి కణాల్లోని క్రోమోజోములను తెంపగలదు. తెగినవి చాలావరకు సరిగ్గానే అతుక్కుంటాయి, కొన్ని అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. రక్తపరీక్షలో ఆ తప్పు అతుకుల్ని లెక్కపెట్టొచ్చు. కేరళ తీరంలో, మోనజైటు ఇసుక నేలల్లో పుట్టిన వేలాది పసిబిడ్డలను ఇట్లా పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కనుక రైతులను భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కాని అక్కడ కొలిచారు గనుకే తెలిసింది. ఇక్కడ 'ఏం కాదు పోండి' అంటే చాలదు. బూడిదనూ బోరునీళ్లనూ కొలవండి. ఆ లెక్కలు పంచాయతీ గోడమీద తెలుగులో రాయండి. మేం అడిగేది ఇంతే.