నూనె కొలతయు, తూకమును

మనము నూనెను రెండు విధముల కొనుచున్నాము. గానుగ యొద్ద తూచి పోయుదురు. అంగడిలో లీటరు లెక్కను పొట్లముగా నిత్తురు. లీటరన్నను కిలోగ్రామన్నను ఒకటియే యను తలంపు పలువురకు గలదు. నీటి విషయమున నది నిజమే. పాలు లీటరునకు సుమారు 1,030 గ్రాములు తూగును గనుక అందును భేదము స్వల్పము. నూనె యట్లు గాదు. అది నీటిపై తేలుట యెల్లరు నెఱిగినదే. వేరుసెనగనూనె లీటరు సుమారు 910 గ్రాములు మాత్రమే తూగును. నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనెయు దాదాపుగా నంతియే.

పూర్వము ఈ పొరపాటునకు తావు లేకుండెను. 120 తులముల వీశె తూనిక. సోల, తవ్వ, మానిక కొలతలు. తవ్వెడు నూనె వీశె యగునని యెవ్వరును భ్రమపడలేదు. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలు అమలులోనికి రాజొచ్చెను. లీటరును కిలోగ్రామును చాల దగ్గఱగా నుండుటచేతనే యిప్పుడీ చిక్కు.

జ్ఞాపకముంచుకొనుటకు సులభమైన లెక్క యొకటి చెప్పెదను. పదునొకండు లీటర్ల నూనె పది కిలోగ్రాములు. కిలోలను లీటర్లు చేయవలెనన్న పదియవ వంతు కలుపవలెను. లీటర్లను కిలోలు చేయవలెనన్న పదునొకండవ వంతు తీసివేయవలెను. పెండ్లికి వంటవాడు 30 కిలోల నూనె వ్రాసియిచ్చెననుకొందము. 30 లీటర్లు తెచ్చినచో 27 కిలోల 300 గ్రాములే వచ్చును. వడ్డన నడుమ బాండి యెండును. తేవలసినది 33 లీటర్లు.

డబ్బాల యందు మఱింత జాగ్రత్త వలయును. 15 కిలోల డబ్బాయు, 15 లీటర్ల డబ్బాయు చూపునకు ఒక్కతీరుననే యుండును. మొదటిదానిలో పదునాఱున్నర లీటర్లుండును; రెండవదానిలో 13 కిలోల 650 గ్రాములే. లెక్క కొఱకు ధరలు ఊహింతము. లీటర్ల డబ్బా 2,100 రూపాయలు, కిలోల డబ్బా 2,250 రూపాయలు అనుకొనుడు. మొదటిది చౌకయని తోచును. కాని కిలో ఒక్కింటికి మొదటిది సుమారు 154 రూపాయలు, రెండవది 150 రూపాయలే పడుచున్నది. వెల యెక్కువైన డబ్బాయే లాభము!

ఇక వేడిమి సంగతి. నూనె కాఁగినకొలఁది వ్యాకోచించును. తూకము మాఱదు, కొలత పెరుగును. సోయానూనె లీటరు 21 డిగ్రీల యొద్ద 919 గ్రాములు, 60 డిగ్రీల యొద్ద 892.6 గ్రాములు తూగును. కొన్ని సంస్థలు పొట్లముపై నధికమైన వేడిమిని వ్రాసి తక్కువ నూనె పోయుచున్నవని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ గుర్తించి, వేడిమిని పేర్కొనక కొలతతోఁబాటు తూకమును గూడ ముద్రింపుఁడని సంస్థలను కోరినది. కావున పొట్లము కొనునపుడు లీటరను పెద్ద యక్షరములను చూచి తృప్తిపడక, ప్రక్కనున్న గ్రాముల యంకెను చదువుఁడు. అద్దములు లేనిచో మనుమని చేత చదివింపుఁడు. నా మట్టుకు నేను తూకమునే నమ్ముదును. కొలపాత్రలో నురుగు నిలుచును, అడుగున కొంత యంటుకొనును. త్రాసునకు ఆ బాధ లేదు. ఖాళీపాత్ర తూకము ముందుగా తీసివేయించుట మాత్రము మఱవరాదు. చలికాలమున గడ్డకట్టు కొబ్బరినూనెకు తూకము తప్ప వేఱు దారియే లేదు.