ఆదివారం గ్రేవీలో సోంపు ఘుమఘుమ

‘గ్రేవీ’ అనగానే మనకి జీడిపప్పు ముద్ద, మసాలా గుర్తొస్తాయి. న్యూజెర్సీలోని చాలా ఇటాలియన్ కుటుంబాల్లో మాత్రం గ్రేవీ అంటే టమాటా సాసే! అందులో సాసేజ్‌లు వేసి గంటలతరబడి మగ్గబెడతారు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇళ్ళలో అదే విందు. మా పక్కింటి పెద్దావిడ పూర్వీకులు నేపుల్స్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. నేనీ వంట నేర్చుకున్నది ఆవిడ వంటింట్లోనే.

1880-1920 మధ్య దాదాపు 40 లక్షల మంది ఇటలీ నుంచి అమెరికాకి వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది పేద రైతులు, కూలీలు. సొంతూళ్ళో ఏ పండక్కో తప్ప దొరకని మాంసం ఇక్కడ వారం వారం కొనుక్కోగలిగారు. గ్రేవీ గిన్నె అలా నిండింది.

ఇక సాసేజ్ సంగతి. పందిమాంసం కైమాలో ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, సోంపు కలిపి పేగు తొడుగులో కూరతారు. అవును, భోజనమయ్యాక మనం నోట్లో వేసుకునే సోంపే! అమెరికా దుకాణాల్లో ‘ఇటాలియన్ సాసేజ్’కి ఆ వాసనే గుర్తు. ఇటలీలో మాత్రం ఒక్కో ప్రాంతానిది ఒక్కో రకం. పొట్లం మీద ‘స్వీట్’ అని ఉంటే తియ్యగా ఉంటుందని కాదు, కారం వెయ్యలేదని. ‘హాట్’ అంటే ఎండుమిరప పలుకులు వేసినది. మన నాలుకకి సగం అదీ, సగం ఇదీ అయితే బాగుంటుంది.

ఆరుగురికి కిలో సాసేజ్, రెండున్నర కిలోల కండగల టమాటాలు కావాలి. టమాటాలకి అడుగున గాటు పెట్టి, మరుగుతున్న నీళ్ళలో నిమిషం ఉంచి తీస్తే తోలు సులువుగా ఊడొస్తుంది. చేత్తోనే చిదమండి. మిక్సీలో మెత్తగా తిప్పితే నురగొచ్చి రంగు వెలిసిపోతుంది. మందపాటి గిన్నెలో కాస్త ఆలివ్ నూనె వేసి, సాసేజ్‌లని అన్ని వైపులా ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి. ఫోర్క్‌తో పొడవొద్దు, రసమంతా కారిపోతుంది. అదే నూనెలో ఉల్లిపాయ ముక్కలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు మెత్తబడనిచ్చి, టమాటా గుజ్జు పోసి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకెయ్యండి. రుచంతా అక్కడే ఉంది మరి! ఉప్పు తగ్గించి వెయ్యండి, సాసేజ్‌లోది దిగుతుంది. అరగంటయ్యాక సాసేజ్‌లు వేసి, సన్నమంట మీద మరో గంటన్నర వదిలెయ్యండి. దించేముందు నాలుగు బేసిల్ ఆకులు తుంచి వేస్తే సరి. అది మన తులసికి చుట్టమే. పసుపు, ధనియాలపొడి డబ్బాల వైపు చెయ్యి వెళ్తుంది. ఆపుకోండి!

మంట ఎంత సన్నగా ఉండాలీ అంటారా? నేపుల్స్ వాళ్ళు దీనికో మాటే పెట్టుకున్నారు: ‘పిప్పియారే’. ఉడుకుతోందా లేదా అన్నట్టు అక్కడో బుడగ, ఇక్కడో బుడగ చిట్లుతూ ఉండటమన్నమాట. ఆ ఊరి నాటకకర్త ఎడ్వర్డో డి ఫిలిప్పో 1959లో ‘శని, ఆది, సోమవారాలు’ అనే నాటకం రాశారు. అందులో రోజా అనే ఇల్లాలు ఆదివారం భోజనానికి శనివారమే ఇలాంటి మాంసం సాస్ మొదలుపెడుతుంది. ఆవిడ మనసులో ముల్లేమిటంటే, భర్త కోడలి వంటని మెచ్చుకున్నాడు! నేపుల్స్ కథంటారా, మనింటి కథంటారా?

మా పక్కింటావిడకి కోడళ్ళతో పేచీ లేదు. చిక్కొచ్చింది మణికట్టు నొప్పితో. ఆవిడ గిన్నె ఎత్తలేకపోతుంటే కొడుకులు ‘ఎందుకమ్మా శ్రమ, ఆదివారాలు హోటల్‌కి పోదాం’ అన్నారట. ఆవిడకది నచ్చలేదు. ‘తినేవాళ్ళు పొద్దున తొమ్మిదింటికల్లా రండి, గిన్నె మీరెత్తండి’ అని చెప్పేసింది. రెండు వారాలు గొణిగారు. ఇప్పుడు పెద్దకొడుకు వెల్లుల్లి ఒలుస్తాడు, చిన్నకొడుకు గరిటె తిప్పుతాడు. ఆవిడ కుర్చీలో కూచుని మంట తగ్గించమని కేకలేస్తుంటుంది. ఆదివారం కోడికూర కోసం టీవీ ముందు కూచునే మన మగవాళ్ళకి ఈ సంగతి చెప్పిచూడండి.

వడ్డించేటప్పుడు సాస్ పట్టించిన పాస్తా ముందు, సాసేజ్‌లు వేరే పళ్ళెంలో తర్వాత. పందిమాంసం తినని ఇళ్ళలో చికెన్ కైమాకి సోంపు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి ఉండలు చేసుకోవచ్చు. అవి చివరి అరగంటలో వేస్తే చాలు. మిగిలింది ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. మర్నాడు సాసేజ్‌ని నిలువుగా చీల్చి బన్నులో పెట్టి, పైన ఒక్క గరిటెడు సాస్ వేసి ఇస్తే మావాడి డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది.